సాగర్‌కు విమానం రాకముందే అడగాల్సిన ప్రశ్నలు

మాచర్ల పక్కనే విజయపురి సౌత్‌లో ఉన్న పాత ఎయిర్‌స్ట్రిప్ మళ్లీ చర్చలోకి వచ్చింది. రాష్ట్రంలో కొత్త విమానాశ్రయాల కోసం పరిశీలిస్తున్న చోట్లలో కుప్పం, దగదర్తి, శ్రీకాకుళం, తాడేపల్లిగూడెం, తుని–అన్నవరం, ఒంగోలుతో పాటు నాగార్జునసాగర్ పేరు కూడా ఉంది. ఆ వార్త వచ్చినప్పటి నుంచి పల్నాడులో ఎక్కడ నలుగురు కూర్చున్నా ఒకటే మాట: భూముల రేట్లు ఎంత పెరుగుతాయి? ఎవరి పొలం పోతుంది? మన పిల్లలకు ఉద్యోగాలు వస్తాయా?

ఇవి అడగాల్సినవే. కానీ ఇంకో ప్రశ్న ఎవరూ అడగడం లేదు. అక్కడ విమానాశ్రయం వస్తే దానికి భద్రత ఎలా? ఎవరు చూస్తారు? ఎవరిని అనుమానిస్తారు?

ఈ ప్రశ్న మన ఇళ్లకు దగ్గరది. నరసరావుపేట వాళ్లు విమానం ఎక్కాలంటే సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణం చేసి గన్నవరం పోతారు. మాచర్ల, గురజాల వాళ్లలో చాలామంది సాగర్ మీదుగా శంషాబాద్ పోతారు. గల్ఫ్‌లో కొడుకు, ఉమ్రాకు పోయే అమ్మీ అబ్బా, హజ్‌కు పోయే నానీమా... విమానాశ్రయంతో సంబంధం లేని ముస్లిం కుటుంబం ఇప్పుడు తక్కువ. 2023లో గన్నవరం నుంచే హజ్ విమానాలు బయల్దేరాయి. కాబట్టి విమానాశ్రయ భద్రత అంటే ఏంటి, అది ఎక్కడ గట్టిగా ఉంటుంది, ఎక్కడ చిల్లు పడుతుంది అన్నది మనం కూడా తెలుసుకోవాలి.

ముప్పు వేరు, లొసుగు వేరు

భద్రత అంచనా వేసేవాళ్లు మూడు విషయాలు విడివిడిగా చూస్తారు. మొదటిది ముప్పు: ఎవరు, ఏం చెయ్యాలనుకుంటున్నారు? రెండోది లొసుగు: వాళ్లు అది చెయ్యడానికి మన దగ్గర ఏ దారి తెరిచి ఉంది? మూడోది నష్టం: అది జరిగితే ఎంతమంది ప్రాణాలు పోతాయి, ఎన్ని రోజులు పని ఆగిపోతుంది? ఈ మూడూ కలిపి చూస్తేనే అసలు రిస్క్ ఎంతో తెలుస్తుంది.

బీకాంలో ఆడిటింగ్ చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. కంపెనీలో డబ్బు పోతుందేమో అనిపిస్తే ఆడిటర్ వీధిలో పోయే దొంగల లిస్టు రాసుకుంటూ కూర్చోడు. క్యాష్ ఎవరి చేతిలో ఉంది, బీరువా తాళం ఎవరి దగ్గర ఉంది, బిల్లు రాసేవాడు, డబ్బు తీసుకునేవాడు ఒక్కడేనా అని చూస్తాడు. ముప్పు మన చేతిలో ఉండదు. లొసుగు మాత్రం మన చేతిలో ఉంటుంది, పూడ్చుకోవచ్చు.

మన దేశంలో విమానాశ్రయాల భద్రత నియమాలు రాసేది బ్యూరో ఆఫ్ సివిల్ ఏవియేషన్ సెక్యూరిటీ, అంటే బీసీఏఎస్. పెద్ద విమానాశ్రయాల్లో కాపలా కాసేది సీఐఎస్ఎఫ్. ఈ రెండూ దెబ్బ తిన్నాక వచ్చిన మార్పులే. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానం బాంబు పేలి అట్లాంటిక్‌లో కూలింది. 329 మంది చనిపోయారు. ఆ తర్వాత 1987లో బీసీఏఎస్‌ను స్వతంత్ర శాఖగా చేశారు. 1999 డిసెంబర్ 24న ఖాట్మండూ నుంచి ఢిల్లీ వస్తున్న ఐసీ–814ను హైజాక్ చేసి కాందహార్ తీసుకుపోయారు. 2000 నుంచి విమానాశ్రయాల కాపలా సీఐఎస్ఎఫ్‌కు అప్పగించడం మొదలైంది.

అంటే ప్రతిసారీ ఒక చిల్లు బయటపడింది, తర్వాత అది పూడ్చారు. ఇప్పుడు ఎక్కడెక్కడ చిల్లులు మిగిలాయి?

విశాఖ చెప్పిన పాఠం

మన రాష్ట్రంలో దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ కోడి కత్తి కేసు. 2018 అక్టోబర్ 25న అప్పటి ప్రతిపక్ష నేత వై.ఎస్.జగన్మోహన్ రెడ్డి హైదరాబాద్ పోవడానికి విశాఖపట్నం విమానాశ్రయం వీఐపీ లాంజ్‌లో కూర్చున్నారు. సెల్ఫీ పేరుతో దగ్గరకొచ్చిన ఒక యువకుడు కోళ్ల పందేల్లో కాలికి కట్టే చిన్న కత్తితో పొడిచాడు. ఎడమ చేతి పైభాగాన గాయమైంది. ఆ యువకుడు ప్రయాణికుడు కాదు. విమానాశ్రయంలోనే ఉన్న రెస్టారెంట్‌లో పనిచేసేవాడు.

ఆ కేసు మీద రాజకీయం చాలా నడిచింది. ఒక పార్టీ కుట్ర అంది, ఇంకో పార్టీ నాటకం అంది. పౌర విమానయాన భద్రతకు సంబంధించిన 1982 చట్టం కింద కేసు ఎన్ఐఏకు పోయింది. కుట్ర కోణం కనపడలేదని 2023లో ఎన్ఐఏ కోర్టుకు చెప్పింది. నిందితుడు ఏళ్ల తరబడి జైల్లో ఉన్నాక 2024 ఫిబ్రవరిలో హైకోర్టు బెయిల్ ఇచ్చింది. ఇంత జరిగినా జనం నోట్లో మిగిలింది పార్టీల గొడవే గానీ, భద్రత గురించి ఆ రోజు తేలిన విషయం మీద చర్చ జరగలేదు.

తేలింది ఏంటంటే, ముందు గేటు దగ్గర మన బెల్టు తీయించి, బూట్లు విప్పించి, నీళ్ల బాటిల్ పడేయించే వ్యవస్థ, వెనక గేటు నుంచి రోజూ వచ్చిపోయే మనిషి దగ్గర కత్తి పట్టుకోలేకపోయింది. విశాఖ విమానాశ్రయం మామూలుది కూడా కాదు. నేవీ ఎయిర్‌ఫీల్డ్‌లో ఉంది. అక్కడే ఇలా జరిగింది.

భద్రత భాషలో దీన్ని లోపలి మనిషి ముప్పు అంటారు. విమానాశ్రయంలో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఎయిర్‌పోర్ట్ ఎంట్రీ పాస్ ఉంటుంది. క్యాంటీన్, క్లీనింగ్, ట్రాలీలు, సామాను లోడింగ్, విమానానికి భోజనాలు, షాపుల సరుకు... వీటిలో ఎక్కువ భాగం కాంట్రాక్టు మీద నడుస్తాయి. పోలీసు వెరిఫికేషన్ తర్వాతే పాస్ ఇవ్వాలి. ఆ వెరిఫికేషన్ జరిగేది ఆ మనిషి సొంత ఊరి పోలీస్ స్టేషన్లో. అక్కడ కానిస్టేబుల్ నిజంగా ఇంటికి వెళ్లి విచారించాడా, కూర్చున్న చోటే సంతకం పెట్టాడా అన్నదాని మీద విమానాశ్రయం భద్రత ఆధారపడి ఉంది.

ఇది మన దగ్గరి సమస్య మాత్రమే కాదు. 2016 ఫిబ్రవరి 2న సోమాలియా రాజధాని మొగదిషు నుంచి బయల్దేరిన డాలో ఎయిర్‌లైన్స్ విమానంలో ల్యాప్‌టాప్‌లో దాచిన బాంబు పేలింది. విమానం ఎలాగో వెనక్కి దిగింది. సెక్యూరిటీ చెక్ దాటాక విమానాశ్రయంలో పనిచేసేవాళ్లే ఆ ల్యాప్‌టాప్ అందించినట్లు సీసీటీవీలో కనిపించింది. 2018 ఆగస్టులో అమెరికాలోని సియాటెల్‌లో గ్రౌండ్ సిబ్బందిలో ఒకతను ఖాళీ విమానాన్ని తనే నడుపుకుంటూ ఎగిరిపోయి కూలి చనిపోయాడు. అతనికి ఏ ఉగ్రవాద సంస్థతోనూ సంబంధం లేదు. కానీ అతని మెడలో పాస్ ఉంది.

అలాగని పనివాళ్లందరినీ దొంగల్లా చూడమని కాదు. వాళ్లలో మన పిల్లలు కూడా ఉన్నారు. తక్కువ జీతం, పన్నెండు గంటల డ్యూటీ, ఎప్పుడు తీసేస్తారో తెలియని ఉద్యోగం, అప్పు... ఇలాంటి మనిషిని డబ్బు చూపించి లొంగదీసుకోవడం తేలిక. బంగారం స్మగ్లింగ్ కేసుల్లో ఎయిర్‌లైన్, గ్రౌండ్ సిబ్బంది పట్టుబడిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. బంగారం దాటిన దారిలో ఇంకేదైనా దాటొచ్చు. కాబట్టి పనివాళ్లకు సరైన జీతం, సరైన విచారణ, ప్రయాణికులతో సమానంగా రోజూ తనిఖీ. ఈ మూడూ భద్రతలో భాగమే.

గేటు బయట గుంపు

రెండో లొసుగు టెర్మినల్ బయట ఉంది. ఎంత గట్టి తనిఖీ పెడితే, ఆ తనిఖీ ముందు అంత పొడుగు క్యూ ఉంటుంది. 2011 జనవరిలో మాస్కో దొమొదేదొవో విమానాశ్రయంలో పేలుడు జరిగింది, వచ్చేవాళ్ల కోసం జనం ఎదురుచూసే హాల్లో. 2016 మార్చి 22న బ్రసెల్స్‌లో చెక్ ఇన్ హాల్లో. అదే ఏడాది జూన్ 28న, రంజాన్ నెలలో, ఇస్తాంబుల్ అతాతుర్క్ విమానాశ్రయంలో 40 మందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ముస్లింలే.

మన అలవాటు ఒకసారి గుర్తు చేసుకోండి. ఒక హాజీ సాబ్ బయల్దేరితే రెండు తుఫాన్ బండ్లలో ఇరవై మంది పోతాం. పూలదండలు, దువాలు, పిల్లలు, టిఫిన్ క్యారియర్లు, ఫోటోలు. అది ప్రేమే. కానీ భద్రత లెక్కలో ఆ గుంపు ఒక బలహీనత. 2025 మేలో పాకిస్తాన్‌తో ఉద్రిక్తతలు పెరిగినప్పుడు బీసీఏఎస్ దేశమంతా సందర్శకులను టెర్మినల్ లోపలికి రానివ్వొద్దని, విమానం ఎక్కేముందు మరోసారి తనిఖీ చెయ్యాలని ఆదేశాలిచ్చింది. వీడ్కోలు, దువా ఇంటి దగ్గరో మసీదు దగ్గరో పూర్తి చేసుకుని విమానాశ్రయానికి ఇద్దరు ముగ్గురే పోతే ముసలివాళ్లకు కూడా ఇబ్బంది తగ్గుతుంది.

ఎవరి బ్యాగు, ఎవరి చేతిలో

కనిష్క విమానంలో బాంబు ఉన్న సూట్‌కేసు ఎక్కింది, కానీ దాన్ని చెక్ ఇన్ చేసిన మనిషి ఎక్కలేదు. టొరంటోలో ఆ రోజు ఎక్స్‌రే యంత్రం మధ్యలో పాడైంది. ఆ తర్వాత ప్రపంచమంతా నియమం బిగించారు: ప్రయాణికుడు ఎక్కకపోతే అతని బ్యాగు దించెయ్యాలి. ఒక్కరు రాలేదని విమానం అరగంట ఆపితే మనం విసుక్కుంటాం. ఆ అరగంట వెనక 329 ప్రాణాలు ఉన్నాయి.

1986 ఏప్రిల్‌లో లండన్ హీత్రూలో ఇంకో సంగతి జరిగింది. ఇజ్రాయెల్ విమానం ఎక్కబోతున్న గర్భవతి అయిన ఒక ఐరిష్ యువతి బ్యాగులో ఒకటిన్నర కిలోల పేలుడు పదార్థం దొరికింది. పెళ్లి చేసుకుంటానని నమ్మించిన మనిషి ఆ బ్యాగు ఇచ్చి పంపాడు. ఆమెకు ఏమీ తెలియదు. ప్రశ్నలు అడిగి, బ్యాగు విప్పి చూశారు కాబట్టి దొరికింది. పేరు, ముఖం చూసి వదిలేసి ఉంటే ఆ విమానం మిగిలేది కాదు.

ఇది గల్ఫ్ కుటుంబాలకు సూటిగా తగిలే విషయం. ఊళ్లో ఎవరైనా దుబాయ్, రియాద్ పోతున్నారంటే చాలు, పది ఇళ్ల నుంచి పార్సిళ్లు వస్తాయి. "మా వాడికి మందులు ఇవ్వు భాయ్", "ఈ మసాలా డబ్బా మా ఆపాకు ఇవ్వు బేటా". బాంబు దాకా పోనక్కర్లేదు. మన బిర్యానీల్లో వేసే గసగసాలు సౌదీ, యూఏఈల్లో మత్తు పదార్థాల చట్టం కిందికి వస్తాయి. కొన్ని నొప్పి మాత్రలకు కూడా అక్కడ ముందస్తు అనుమతి కావాలి. ఇంకొకరి డబ్బాలో ఉన్నా, పట్టుబడేది మోసుకుపోయినవాడే. "నాది కాదు" అన్న మాట అక్కడ చెల్లదు. తెలిసినవాళ్లిచ్చినా విప్పి చూసి, మళ్లీ మీరే కట్టుకోండి. విప్పి చూపించడానికి ఇష్టపడని వస్తువు తీసుకోవద్దు. మొహమాటం కంటే జైలు పెద్దది.

పేరు చూసి అనుమానం

ఇప్పుడు చాలామంది మనసులో ఉన్న విషయం. గడ్డం, టోపీ, హిజాబ్, పాస్‌పోర్ట్‌లో పేరు... వీటిని చూసి ఎక్కువసేపు ఆపుతారన్న భయం మనవాళ్లలో ఉంది. ఆ భయం గాల్లో నుంచి రాలేదు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడు జరిగాక ఎంతోమంది ముస్లిం యువకులను పట్టుకుపోయారు. తర్వాత కోర్టులు వాళ్లను నిర్దోషులని వదిలేశాయి. ఈ లోపు వాళ్ల చదువులు, ఉద్యోగాలు పోయాయి. బాంబు పెట్టినవాళ్ల మీద పెట్టాల్సిన సమయం వాళ్ల మీద ఖర్చయింది.

మతం చూసి అనుమానించడం అన్యాయం. అంతకు మించి, అది పనికిరాని భద్రత. లెక్క చూడండి. హైదరాబాద్ లాంటి చోట రోజూ వేల మంది ముస్లిం ప్రయాణికులు ఉంటారు. వాళ్లందరినీ విడిగా ఆపితే సిబ్బంది సమయమంతా అమాయకుల మీదే పోతుంది. అదే సమయంలో ఆ గుర్తుల్లేని మనిషికి దారి తేలికవుతుంది. విశాఖలో కత్తి పట్టినవాడు, వాంకూవర్‌లో సూట్‌కేసు ఎక్కించినవాళ్లు, సియాటెల్‌లో విమానం తీసుకుపోయినవాడు, వీళ్లెవరూ ఆ జల్లెడలో పడేవాళ్లు కాదు. ఆడిటర్ కూడా ఒక కులం గుమాస్తా రాసిన బిల్లులే చూడడు. ఏ బిల్లు చూస్తాడో ఎవరికీ తెలియకుండా ఏరుకుంటాడు. తనిఖీ కూడా అలాగే ఉండాలి: అందరికీ ఒకే కనీస తనిఖీ, దాని మీద ఎవరికి వస్తుందో ముందు తెలియని అదనపు తనిఖీ, ప్రవర్తనలో తేడా ఉంటే ప్రశ్నలు.

మన వైపు నుంచి కూడా ఒక మాట. ప్రతి తనిఖీ అవమానం కాదు. మహిళలను మహిళా సిబ్బందే, తెర కట్టిన చోట చూడాలి. అది హక్కు, మర్యాదగా అడగొచ్చు. అంతకు మించి ఎవరైనా మతం పేరెత్తి మాట్లాడితే అక్కడ అరవొద్దు. సమయం, గేటు నంబరు రాసుకుని రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. రికార్డులో ఉన్న ఫిర్యాదుకే జవాబు వస్తుంది.

ఉత్తుత్తి బెదిరింపులు

2024లో ఇంకో రకం లొసుగు బయటపడింది. ఆ ఏడాది నవంబర్ మధ్య నాటికి ఎయిర్‌లైన్స్‌కు 999 ఉత్తుత్తి బాంబు బెదిరింపులు వచ్చాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. వాటిలో ఎక్కువ భాగం అక్టోబర్ రెండో సగంలో సోషల్ మీడియా ద్వారా వచ్చినవే. మొదట్లో పట్టుబడినవాళ్లలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన 17 ఏళ్ల కుర్రాడు ఒకడు. విమానాలు దారి మళ్లాయి, ఇంధనం వృథా అయింది, వేల మంది రాత్రంతా కూర్చున్నారు. డిసెంబర్‌లో మన తెలుగు మంత్రి రామ్మోహన్ నాయుడు శాఖ నియమాలు మార్చి జరిమానాలు పెంచింది.

అయినా ఒక్క బెదిరింపును కూడా తేలిగ్గా తీసుకునే వీల్లేదు. 1984 ఆగస్టు 2న మద్రాసు మీనంబాకం విమానాశ్రయంలో సూట్‌కేసు బాంబు పేలి సుమారు 30 మంది చనిపోయారు. ముందే ఫోన్లో హెచ్చరిక వచ్చింది. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నారు. అందుకే వెయ్యి అబద్ధాలు వచ్చినా వెయ్యీ చూడాల్సిందే. మీ ఇంట్లో కుర్రాళ్లకు ఇది గట్టిగా చెప్పండి. క్యూలో నిలబడి "బ్యాగులో బాంబు ఉంది" అని జోకు వేసినా, ఇన్‌స్టాలో సరదాగా పోస్టు పెట్టినా కేసు, పాస్‌పోర్ట్ సమస్య, గల్ఫ్ వీసా కల ముగిసినట్టే. మన పేరున్న పిల్లవాడు చేస్తే ఆ జోకు ఏ హెడ్డింగ్‌తో టీవీలో వస్తుందో చెప్పనక్కర్లేదు.

కంప్యూటర్లు కూడా ఇప్పుడు లొసుగే. 2024 జూలై 19న ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చెడిపోయి ప్రపంచమంతా సిస్టమ్స్ ఆగినప్పుడు హైదరాబాద్‌లో చేత్తో రాసి బోర్డింగ్ పాసులు ఇచ్చారు. 2025 సెప్టెంబర్‌లో సైబర్ దాడితో హీత్రూ, బ్రసెల్స్, బెర్లిన్‌లలో చెక్ ఇన్ స్తంభించింది. కాగితం మీద పని నడిపే ఏర్పాటు లేని చోట ఆ రోజు గుంపు పెరుగుతుంది, తనిఖీ పలచబడుతుంది.

మళ్లీ సాగర్ దగ్గరికి

ఈ లెక్కలన్నీ నాగార్జునసాగర్‌కు పెట్టి చూద్దాం. పక్కనే లక్షల ఎకరాలకు నీళ్లిచ్చే డ్యామ్, జల విద్యుత్ కేంద్రాలు. నది అవతల తెలంగాణ. 2023 నవంబర్ చివర్లో ఆ డ్యామ్ మీదే రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. చివరికి కేంద్రం సీఆర్‌పీఎఫ్‌ను దించాల్సి వచ్చింది. రేపు అక్కడ విమానాశ్రయం వస్తే, ఏదైనా జరిగిన రాత్రి ఏ పోలీసు ముందు కదలాలి, ఎవరి మాట చెల్లాలి అన్నది కాగితం మీద ముందే ఉండాలి.

రెండోది కాపలా. చిన్న విమానాశ్రయాలు అన్నిచోట్లా సీఐఎస్ఎఫ్ ఉండదు. కొన్నిచోట్ల రాష్ట్ర పోలీసులే చూస్తారు. రోజుకు ఒకటి రెండు విమానాలే అని సిబ్బందిని, యంత్రాలను తగ్గిస్తే, అక్కడ తనిఖీ అయిన బ్యాగే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పెద్ద విమానానికి మారొచ్చు. గొలుసులో సన్న లంకె ఎక్కడుంటే తెగేది అక్కడే.

మూడోది డ్రోన్లు. 2021 జూన్‌లో జమ్మూ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ మీద డ్రోన్లతో బాంబులు వేశారు. మన దగ్గర ఇప్పుడు మిరప తోటలకు మందు కొట్టడానికి, పెళ్లి వీడియోలకు డ్రోన్లు వాడుతున్నారు. విమానాశ్రయం చుట్టూ అనుమతి లేకుండా ఎగరేయకూడదని 2021 డ్రోన్ రూల్స్ చెబుతాయి. ఆ సంగతి రైతుకు, ఫోటో స్టూడియో కుర్రాడికి కేసు పెట్టాక తెలియకూడదు. ముందే చెప్పాలి.

నాలుగోది ఆసుపత్రి. మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి పోవాలంటే వంద కిలోమీటర్లు దాటుతుంది. ఏదైనా ప్రమాదం జరిగితే కాలిన గాయాలతో ఉన్న యాభై మందిని ఎక్కడ చేర్చుతారు?

అయిదోది ఉద్యోగాలు. క్యాంటీన్, లోడింగ్, క్లీనింగ్ పనుల్లో మాచర్ల, గురజాల, దాచేపల్లి కుర్రాళ్లు చేరతారు. పాస్ కోసం పోలీసు వెరిఫికేషన్ నిజాయితీగా జరగాలి. పార్టీ చూసి, ఊరి గొడవల్లో పెట్టిన కేసు చూసి, పేరు చూసి ఆపకూడదు. డబ్బు తీసుకుని వదలకూడదు కూడా. పల్నాడులో గ్రామ తగాదాల్లో ఇరవై మంది పేర్లు ఒకే ఎఫ్ఐఆర్‌లో రాయడం మనకు తెలియనిది కాదు. అలాంటి కేసులున్న కుర్రాడిని ఎలా చూస్తారో, కారణం రాతపూర్వకంగా చెబుతారో లేదో, అప్పీలు ఎవరికి చేసుకోవాలో ఇప్పుడే అడగాలి.

భూసేకరణ మీద గ్రామసభలు పెడితే మనవాళ్లు తప్పకుండా పోవాలి. పోయినప్పుడు పరిహారం గురించి అడిగాక ఈ అయిదు ప్రశ్నలు కూడా అడగండి. ఎమ్మెల్యేకు, ఎంపీకి, కలెక్టర్‌కు ఇచ్చే వినతిపత్రంలో రాయండి. విమానాశ్రయ భద్రత ఢిల్లీలో కూర్చున్నవాళ్ల వ్యవహారం అనుకుని మనం ఊరుకుంటే, రేపు గేటు దగ్గర అనుమానంగా చూసేది మననే, ఏదైనా జరిగితే ఆ క్యూలో ఉండేదీ మన అమ్మీ అబ్బాలే.